సైమి ముమ్ము బొటనవేలు

"బావి," అంది సైమి. ఇంకో ఖాళీ తూటా గుల్ల తీసి దాని అడుగున బొటనవేలు రాసింది. "ఇదీ బావే. చూశావా పిల్లా, కళ్ళతో పనే లేదు. కళ్ళు వెలుతురుకి లొంగుతాయి, నిద్రకి లొంగుతాయి. వేలు దేనికీ లొంగదు. మా ఆయన ఆర్వో బతికున్నన్నాళ్ళూ ఇదే పోట్లాట. దీపం వేసుకోవే, దీపం వేసుకోవే అని. చీకట్లో ఆవు పాలు పితకడానికి మీ అమ్మ దీపం పెట్టుకునేదా అని అడిగా. మళ్ళీ నోరెత్తలేదు."

"మూత తగిలితే ఎలా ఉంటుంది ముమ్మూ?" అంది డెల్ఫీన్.

"మూతలాగే ఉంటుంది. ఫ్రెంచి వాళ్ళకి అన్నీ విడమరిచి చెప్పాలి!"

నేలమాళిగలో ఒక మూల బంగాళాదుంపల బస్తాలు, ఇంకో మూల పాత తలుపు చెక్కని బల్లగా చేసి దాని మీద బిగించిన ఇనప ప్రెస్సు. పైన ఒకే ఒక్క బల్బు. సైమి ఎడమ చేత్తో ఖాళీ గుల్ల పెడుతుంది, కుడి చేత్తో మీట దించుతుంది. గుల్ల పైకి లేచి అచ్చులోకి దూరుతుంది. అచ్చు నడుమనున్న సూది గుల్ల నోట్లోంచి దిగి, అడుగునున్న చచ్చిన బిళ్ళని పొడిచి కిందికి నెడుతుంది. బిళ్ళ వెళ్ళి కింద పెట్టిన కాఫీ డబ్బాలో పడుతుంది. టంగ్.

బిళ్ళ అంటే ప్రైమర్. తూటా అడుగున నడిమధ్య చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. రివాల్వర్ సుత్తి తగిలితే నిప్పు పుట్టించేది అదే. ఒకసారి పేలిందా, దాని పని అయిపోయినట్టే. ఇత్తడి గుల్ల మాత్రం పదిసార్లయినా పనికొస్తుంది. చచ్చిన బిళ్ళ తీసేసి, కొత్తది పెట్టి, తుపాకీమందు కొలిచి పోసి, పైన సీసం గుండు కూర్చోబెడితే మళ్ళీ తూటా. బిళ్ళ రాలిపోయిన గుంట సైమి వేలికి బావి. బిళ్ళ ఉన్నది మూత. ముప్పయ్యేళ్ళుగా ఆ రెండు మాటలతోనే ఊళ్ళో రివాల్వర్ క్లబ్బు తూటాలన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళాయి. వీధి వసారాలో పదకొండు కాఫీ డబ్బాలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని మీద పట్టీ అంటించి ఒక్కో పేరు. ఖాళీ గుల్లలు అందులో పోసి వెళ్ళడం, వారం తర్వాత నిండిన పెట్టె పట్టుకుపోవడం. ఇంతవరకూ ఎవరూ ఆ పెట్టె మూత తీసి లోపల చూసుకోలేదు. ముమ్ము నింపిందంటే నింపినట్టే. వలసొచ్చిన ఫిన్నుల ఇళ్ళల్లో నాయనమ్మని పిలిచే పిలుపు అది. క్లబ్బులో ఫిన్నులకీ, ఇంగ్లీషు గని కుటుంబాల కార్నిష్ వాళ్ళకీ, డెల్ఫీన్ లాంటి ఫ్రెంచి వాళ్ళకీ అందరికీ ఆవిడ ముమ్మే.

డెల్ఫీన్ కోటు జేబులో కాగితం పొట్లం ఒకటుంది. అందులో రెండు గుల్లలు.

మంగళవారం పందెంలో డెల్ఫీన్ గురి చూసి ట్రిగ్గర్ నొక్కితే క్లిక్కుమంది. అంతే, పేలలేదు. పద్ధతి ప్రకారం తుపాకీ లక్ష్యం వైపే పట్టుకుని, ఎడమ చెయ్యి పైకెత్తి, ముప్పై దాకా లెక్కపెట్టింది. మళ్ళీ మొదలుపెడితే మూడో తూటా క్లిక్కుమంది. పక్క ఊరి వాళ్ళు మర్యాదగానే నవ్వారు. పందెం పోయింది. అది పెద్ద విషయం కాదు. పందెం అయ్యాక క్లబ్బు కెప్టెన్ వెండెల్ ట్రెగోనింగ్ ఆ రెండు తూటాలనీ విప్పి, గుండూ మందూ తీసేసి, గుల్ల అడుగుని దీపం కింద పెట్టి చూపించాడు. బిళ్ళ మీద ఒకటి కాదు, రెండు గుంటలు. ఒకటి పాతది, మసిపట్టి ఉంది. రెండోది ఆ సాయంత్రం డెల్ఫీన్ తుపాకీ సుత్తి కొట్టింది.

"చచ్చిన బిళ్ళ తియ్యకుండానే మందు పోసేసింది," అన్నాడు వెండెల్. "ఇవాళ క్లిక్కుమంది, నవ్వుకున్నాం. అదే చెయ్యి రేపు ఒకే గుల్లలో రెండుసార్లు మందు పోస్తే? అప్పుడు నవ్వడానికి ముందు మూతి మిగలాలి కదా. వచ్చే వారం నుంచి కొట్లో కొన్న తూటాల పెట్టెలే. ముమ్ముకి నువ్వు చెప్పు డెల్ఫీన్. నేను చెప్తే కొడుతుంది. నీ మాట వింటుంది."

"నా మాట ఆవిడ వినదు. ఆవిడ మాట నేను వింటాను. అది వేరు."

"అదే చాలు. వెళ్ళు."

అలా ఇవాళ, శనివారం పొద్దున్నే డెల్ఫీన్ వచ్చింది. వచ్చి గంటయింది. ఆ మాట ఇంకా చెప్పలేదు. నడుమ రెండుసార్లు నోరు తెరిచింది గానీ, రెండుసార్లూ సైమి ఇంకో కథ ఎత్తుకుంది. డెల్ఫీన్‌కి కథలంటే ప్రాణం. ఊళ్ళో టపా పంచేది ఆవిడే. ఉత్తరం ఇచ్చి ఊరికే వెళ్ళిపోవడం ఆవిడకి చేతకాదు. ఏ గుమ్మం దగ్గర ఏ మాట వినబడినా ఒక కాలు అక్కడే ఆగిపోతుంది. నలభై నాలుగేళ్ళ వయసులో రివాల్వర్ పట్టడం మొదలుపెట్టింది కూడా అలాగే, ముమ్ము చెప్పిన కథలు వినీ వినీ.

"పెళ్ళినాటికి నాకు పంతొమ్మిదేళ్ళు, ఆర్వోకి ఇరవై మూడు," అంటోంది సైమి. మీట దిగింది. టంగ్. "కాగితం మిల్లుకి కలప కొట్టడమే పని. ఆయన చెట్టు పడగొట్టేవాడు, నేను కొమ్మలు నరికేదాన్ని. ఒక చలికాలం ఆయన నడుం పట్టేసింది. ఎవరు కొడతారు? మోటారు రంపం నేను ఎత్తుకున్నా." టంగ్. "ఇరవై ఆరు చలికాలాలు. మిల్లు గుమాస్తా నన్ను చూసి, ఆర్వో, మీ ఆవిడ చేత ఇంత పని చేయిస్తావా అన్నాడు. ఆర్వో ఏమన్నాడో తెలుసా? నేను చేయించడం లేదు బాబూ, ఆపలేకపోతున్నా అన్నాడు." టంగ్.

డెల్ఫీన్ నవ్వింది.

"ఆ రంపాలు ఇప్పటి వాటిలా కాదు. పొద్దస్తమానం ఒళ్ళంతా ఊపేసేవి. ఇంటికొచ్చి కాఫీ గిన్నె పట్టుకుంటే అదీ వణికేది. పళ్ళు కూడా వణికేవి. చలి గాలి తగిలితే ఈ వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లబడేవి. సౌనా ఆవిరి గదిలో కూర్చుంటే గంటకి మళ్ళీ రంగొచ్చేది." మీట దిగింది, లేచింది. సైమి గుల్ల తీసి వేలు రాసి, "బావి," అని పక్కనున్న చెక్క పళ్ళెంలో నిలబెట్టింది. "ఆర్వో క్లబ్బులో చేరింది నడుం నొప్పి మరిచిపోవడానికి. నేను వెళ్ళింది కిందపడ్డ గుల్లలు ఏరడానికి. మొదటి ఏడాది ఆయన పందెంలో గెలిచి తెచ్చిన కప్పు మీద దుమ్ము నేను తుడిచా. తర్వాత తొమ్మిదేళ్ళు నా కప్పుల దుమ్ము ఆయన తుడిచాడు."

కథ బాగుంది. కానీ డెల్ఫీన్ చెవికి ఏదో తక్కువైంది. పాటలో తాళం ఒకటి తప్పిపోయినట్టు. మీట దిగిన చప్పుడు వినబడింది, లేచిన చప్పుడు వినబడింది. మధ్యలో టంగ్ ఏది?

సైమి ఇంకో గుల్ల పెట్టింది. టంగ్. ఇంకోటి. టంగ్. "ఇక చెయ్యి వణుకు మొదలయ్యాక గురి పోయింది. గురి పోతే ఏం, గుల్లలున్నాయిగా అన్నా..." ఇంకోటి. మీట దిగింది. లేచింది. ఏ చప్పుడూ లేదు. సైమి వేలు రాసింది.

"బావి."

ఆవిడ అటు తిరిగి బస్తా మీది డబ్బా అందుకుంటుంటే డెల్ఫీన్ పళ్ళెంలోంచి ఆ గుల్ల తీసి తిప్పి చూసింది. అడుగున మసిపట్టిన బిళ్ళ, నడుమ సుత్తి గుంటతో, మూత పెట్టినట్టు నిండుగా కూర్చుని ఉంది.

డెల్ఫీన్ దాన్ని జేబులో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆవిడకే తెలీదు. తర్వాతి అరగంట కథ సగమే విన్నది. మిగతా సగం చెవి డబ్బా దగ్గరే ఉంది. టంగ్ వినబడనప్పుడల్లా ఆ గుల్ల తీసి జేబులో వేసుకుంది. అరవై గుల్లలయ్యేసరికి జేబులో ఏడు చేరాయి. ఏడింటికీ సైమి వేలు బావి అనే చెప్పింది.

"ముమ్మూ, ఒక్కసారి ఆగు," అంది చివరికి. "మాట్లాడకుండా ఒక పది పొడవ్వా?"

"మాట్లాడకుండానా?" సైమి నవ్వింది. "ఫిన్నులు మాట్లాడరని ఊరంతా పేరు. వాళ్ళందరి వంతూ నేనొక్కత్తినే మోస్తున్నా, తెలుసా?"

అయినా నోరు మూసుకుంది. టంగ్. టంగ్. టంగ్. నాలుగోసారి మీట లేచింది. కొళాయి చుక్క పడ్డా వినబడేంత నిశ్శబ్దం.

సైమి చెయ్యి మీట మీదే ఆగిపోయింది. "రంపం నా చెవులు కూడా కొంచెం తిన్నది," అంది నెమ్మదిగా. "పడలేదు కదూ?"

"పడలేదు."

ఆవిడ గుల్ల తీసింది. ఈసారి వేలు రాయలేదు. బల్బు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీంచి దింపుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కసారిగా ఆవిడ ఒంట్లోకి ఏదో కొత్త హుషారు వచ్చింది. ఎనభైకి నాలుగేళ్ళు తక్కువ మనిషి, కొంగు బిగించి బావిలో పడ్డ చేద తీసే దానిలా అయిపోయింది.

"సరే. ఎక్కడో తేడా వచ్చింది. ఏం తేడా వస్తుందో చెప్పు ఫ్రెంచి పిల్లా. మీట సగమే దించుతున్నానా?"

"పూర్తిగానే దించుతున్నావు. కింద తగిలి ఆగుతోంది."

"అయితే సూది పొట్టిదైందా?" గుల్ల లేకుండా మీట దించి, అచ్చు కిందికి సూది ఎంత వచ్చిందో చూసింది. బియ్యపు గింజంత వచ్చింది. "అంత చాలు. మరీ పొడుగైతే విరుగుతుంది, మరీ పొట్టిదైతే బిళ్ళని సగంలో వదిలేస్తుంది. ఇది సరిగ్గానే ఉంది. గుల్లలు తడిగా ఉన్నాయా? తడి ఉంటే అంటుకుంటుంది."

డెల్ఫీన్ నాలుగు గుల్లలు చేతిలో గలగలలాడించింది. "ఎండాకులంత పొడిగా ఉన్నాయి."

"ఒకే కంపెనీ గుల్లలా?"

జేబులోంచి తియ్యక తప్పలేదు. డెల్ఫీన్ ఏడు గుల్లల్నీ బల్ల మీద పరిచింది. సైమి వాటి వంక చూసింది, డెల్ఫీన్ వంక చూసింది. అడుగున చెక్కిన అక్షరాలు చదివింది. నాలుగు రకాలున్నాయి.

"గుల్లల తప్పు కాదు," అంది. "అయితే కింద కూర్చుని చూడు. టార్చి ఆ మేకుకి వేలాడుతోంది. కళ్ళద్దాలు పెట్టుకో, చచ్చిన బిళ్ళయినా కంట్లో పడితే మంట. నేను నత్తలా దించుతా."

డెల్ఫీన్ మోకాళ్ళ మీద కూర్చుని, అచ్చు కిందికి టార్చి పట్టుకుంది. మీట మెల్లిగా దిగింది. గుల్ల లేచింది. గుల్ల అడుగునుంచి బిళ్ళ నెమ్మదిగా బయటికొచ్చింది, చిన్న పుట్టగొడుగు భూమిలోంచి వచ్చినట్టు. పూర్తిగా బయటపడింది. కింద పడాలి. పడలేదు. సూది చివరన అలాగే వేలాడింది.

"ఇప్పుడు మెల్లిగా ఎత్తు."

మీట లేచింది. గుల్ల కిందికి దిగింది. సూదికి వేలాడుతున్న బిళ్ళ మళ్ళీ తన గుంటలోకే వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"ముమ్మూ! బిళ్ళ బయటికొస్తోంది. కానీ రాలడం లేదు. సూది ముక్కు పట్టుకుని వేలాడి, మళ్ళీ ఇంట్లోకే వస్తోంది."

"పుట్టింటికెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చే కోడల్లా!" అంది సైమి. రెంచీ తీసి అచ్చు విప్పడం మొదలుపెట్టింది. సూది బయటికి తీసి చివర చూసి, నాలుక్కరుచుకుంది.

"నా పనే," అంది. "నవంబరులో, దుప్పుల వేట అయ్యాక, ఎవరి డబ్బాలోనో పరాయి దేశపు గుల్ల ఒకటి వచ్చింది. అడుగున మన వాటికి నడుమ ఒక బెజ్జం ఉంటుంది. దానికి నడుమ ఏమీ లేదు, పక్కన చిన్నవి రెండు. చూసుకోకుండా దించా. సూది పుటుక్కుమంది. బయట నడుంలోతు మంచు. కొట్టు ముప్పై మైళ్ళు. ఆర్వో మేకుల డబ్బాలోంచి ఒక సన్న మేకు తీసి పటకారుతో కత్తిరించి పెట్టేశా. పని చేసింది కదా అని మరిచిపోయా."

డెల్ఫీన్ కూడా చూసింది. మేకు చివర పటకారు నొక్కిన చోట చదునుగా నలిగి, ఒక పక్క సన్నటి అంచు కొక్కెంలా పైకి లేచి ఉంది. బిళ్ళ పల్చటి లోహం. ఆ కొక్కెం దానిలో దిగి పట్టుకుంటోంది.

సైమి సానరాయి తీసి, మేకు చివర దాని మీద ఆనించి, వేళ్ళ మధ్య తిప్పుతూ రుద్దింది. ఏమాత్రం తొందర లేదు. అంచు పోయేదాకా రుద్ది, చివర కాస్త గుండ్రంగా అయ్యేదాకా తిప్పి, ఆపైన గరుకు కాగితంతో నునుపు చేసింది. "మొనదేలేట్టు చెయ్యకూడదు, తెలుసా. మొనదేలితే బిళ్ళకే చిల్లు పడి, చుట్టుపక్కల వలయం గుంటలోనే మిగిలిపోతుంది. అది ఇంకా పెద్ద రోగం. ఊరికే మూలలు పోవాలి, అంతే." మళ్ళీ బిగించింది. ఆ ఏడు గుల్లల్నే మొదట పెట్టింది.

టంగ్. టంగ్. టంగ్. ఏడు. ఆ తర్వాత ఇంకో యాభై. డెల్ఫీన్ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. యాభైకి యాభై.

"చూశావా!" సైమి బల్ల మీద అరచేత్తో కొట్టింది. "మేకు! వెధవ మేకు! పద, పైకి పద. నిసు రొట్టె పొద్దునే కాల్చా."

పైన వంటింట్లో ఏలకుల వాసన. సైమి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. సీసం మసి చేతికుండగా రొట్టె ముట్టుకోదు. జడలా అల్లిన రొట్టె మందంగా కోసి, వెన్న రాసి డెల్ఫీన్ ముందు పెట్టింది. కాఫీ పోసింది. కిటికీ బయట సరస్సు మీంచి వచ్చే మంచు అడ్డంగా కొడుతోంది. డెల్ఫీన్ గుండె ఎంతో తేలిగ్గా ఉంది. వెండెల్‌కి మేకు సంగతి చెప్తే సరిపోతుంది. తప్పు మేకుది. మేకు సరైంది. ముమ్ముకి చెప్పాల్సిన మాట ఇక చెప్పక్కర్లేదు. జేబులోని కాగితం పొట్లం అలాగే ఇంటికెళ్ళిపోవచ్చు.

రొట్టె రెండో ముక్క సగంలో ఉండగా సైమి అడిగింది.

"ఏడు గుల్లలు నీ జేబులో ఎందుకున్నాయి?"

డెల్ఫీన్ నమలడం ఆపింది.

"పళ్ళెంలోంచి తీశావు," అంది సైమి. "పళ్ళెంలోకి నేను వేలు రాయకుండా ఏదీ పెట్టను. ఏడింటికీ నేను ఏం చెప్పా?"

"బావి," అంది డెల్ఫీన్, చిన్నగా.

సైమి కాఫీ గిన్నె కింద పెట్టింది. లేచి కిందికెళ్ళింది. మెట్లమీద ఆవిడ అడుగులు నెమ్మదిగా దిగి, నెమ్మదిగా ఎక్కాయి. చేతిలో ఒక గిన్నె. అందులో కడగని గుల్లలు పది: ఐదు పొడిచినవి, ఐదు పొడవనివి. బల్ల మీద పాత పేపరు పరిచి గిన్నె పెట్టింది. డెల్ఫీన్‌కి ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకుంది. చెయ్యి చాపింది.

"ఒక్కోటీ ఇవ్వు. నీ ఇష్టం వచ్చిన వరసలో."

"ముమ్మూ, ఎందుకిప్పుడు..."

"ఇవ్వవే."

డెల్ఫీన్ మొదటిది ఇచ్చింది. బొటనవేలు అడుగు మీద అటూ ఇటూ తిరిగింది. "బావి." నిజమే. రెండోది. "బావి." నిజమే. మూడోది. "మూత." నిజమే. డెల్ఫీన్ ఊపిరి వదిలింది. నాలుగోది మూత. వేలు దాని మీద తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది.

"బావి."

డెల్ఫీన్ ఏమీ అనలేదు. అనకపోవడమే చెప్పేసింది. సైమి కళ్ళు తెరవలేదు. వేలుని బుగ్గకి రుద్ది వెచ్చ చేసుకుంది. ఐదోది తప్పు. ఆరోది సరైంది. ఏడోదానికి ఎడమ చేతి వేలు ప్రయత్నించింది; అదీ తప్పే. పది అయ్యేసరికి నాలుగు తప్పులు. బొమ్మా బొరుసూ వేసినా ఇంతకంటే పెద్ద తేడా ఉండదు.

సైమి కళ్ళు తెరిచి తన కుడి బొటనవేలుని, చాలా ఏళ్ళ తర్వాత కనబడ్డ మనిషిని చూసినట్టు చూసింది.

"జనవరిలో కొత్త బిళ్ళలు పెడుతుంటే," అంది, "నడుమ దారిలో మంచు తోసే బండి వచ్చింది. దారి చూపించడానికి పైకొచ్చా. తిరిగెళ్ళి మళ్ళీ మొదలుపెట్టా. బిళ్ళ పెట్టే పనిముట్టు నొక్కితే కొన్నిటికి మధ్యలోనే ఆగింది. అంటే బండి రాకముందే వీటికి పెట్టేశాను కాబోలు అనుకున్నా. వేలు రాశా. వేలు కూడా మూత అంది. అప్పుడు మాత్రం మూత అంది చూడు! కొత్త మూతా పాత మూతా తేడా చెప్పలేదు. పాత బిళ్ళ మీద గుంట ఉంటుంది కదా. ఒకప్పుడు ఆ గుంట నా వేలికి ఇంత లోతుగా తగిలేది." వేళ్ళతో పెద్ద పళ్ళెమంత కొలత చూపించింది. తర్వాత ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "రంపం అప్పుడే తినేసి ఉంటుంది. కొంచెం కొంచెంగా. నేనే చూసుకోలేదు."

ఇంకో కథ ఎత్తుకోకుండా గుల్లల్ని గిన్నెలోకి ఎత్తింది. ఫిన్నుల పేరు నిలబెట్టినట్టయింది.

"వెండెల్ ఏం చెప్పి పంపాడు?" అంది సైమి.

"నీకెలా తెలుసు?"

"శనివారం నువ్వు తలుపు కొట్టకుండా వస్తావు. ఇవాళ రెండుసార్లు కొట్టావు."

డెల్ఫీన్ కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. సైమి విప్పింది. ఒక్కో గుల్లా కళ్ళజోడు దగ్గరికి తీసుకుని, ఒకే బిళ్ళ మీద రెండేసి గుంటలు చూసింది. డెల్ఫీన్ అంతా చెప్పింది: క్లిక్కులు, ముప్పై దాకా లెక్క, కొట్టు పెట్టెలు, రెండుసార్లు మందు పడితే అన్న మాట. ఒక్కటీ మింగలేదు. చెప్పాక, "మేకు బాగైంది కదా ముమ్మూ. నేను వెండెల్‌తో మాట్లాడతా. తప్పు మేకుదే అని చెప్తా," అంది.

"మేకు బిళ్ళని తిరిగి తెచ్చింది," అంది సైమి. "దాన్ని లోపలికి రానిచ్చింది నేను. కాపలా ఎవరిది? మేకుదా?" గుల్లల్ని మళ్ళీ కాగితంలో చుట్టింది. "వాడు కార్నిష్ పద్ధతిలో క్యారెట్ వెయ్యకుండా మాంసం కూరిన పాస్టీ తినే మనిషే గానీ, బుర్ర ఉంది. మందు సంగతి వాడన్నది నిజం. మందు పోశాక ప్రతి గుల్లలోకీ దీపం పెట్టి చూస్తాను, అది కళ్ళ పని, అది తప్పలేదనే నా నమ్మకం. కానీ మొన్నటిదాకా ఈ వేలు మీదా ఇదే నమ్మకం."

లేచి కాఫీ గిన్నెలు తొట్టిలో పెట్టింది. కిటికీ దగ్గర నిలబడింది. వసారాలో పదకొండు డబ్బాలు కనబడుతున్నాయి. ఆ డబ్బాల కోసమే చలికాలం ఈ ఇంటికి ఎవరో ఒకరు వస్తారు. డబ్బా పెట్టి, కాఫీ తాగి, పై కప్పు మీది మంచు ఎంతుందో చూసి, కాస్త తోసిపోతారు. ఆ సంగతి సైమికి తెలుసు. డెల్ఫీన్‌కీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

తిరిగినప్పుడు సైమి గొంతు మామూలుగానే ఉంది. కలప లెక్క చెప్పే గొంతు.

"నువ్వు టపా మనిషివి. ఎవరి గుమ్మం ఎక్కడో నీకు తెలుసు. దుప్పుల వేట తర్వాత నేను నింపిన తూటా ఒక్కటి కూడా ఎవరింట్లోనూ ఉండకూడదు. పదకొండిళ్ళూ తిరుగు. పెట్టెలు, జేబుల్లో మిగిలినవి, సొరుగుల్లోవి, అన్నీ తెచ్చెయ్యి. అన్నీ విప్పుతా. ఎందుకు అని అడిగితే మేకు అని చెప్పకు. ముమ్ము వేలు మొద్దుబారింది అని చెప్పు, అదే మాట, అచ్చంగా. సిగ్గుపడి సన్నగా చెప్పకు."

"చెప్తా."

"వెండెల్ దగ్గరికి చివర్న వెళ్ళు. వాడికి పెట్టెలు తెమ్మనడమే కాదు, మనిషినీ రమ్మను. రేపు చర్చి అయ్యాక. కళ్ళజోడు తెచ్చుకోమను, మంచి దీపం ఒకటి తెచ్చుకోమను. మీట నేను దించుతా. అడుగులు వాడు చూస్తాడు, ఒక్కోటీ దీపం కింద పెట్టి. వాడు రానంటే కొట్టు పెట్టెలే కొనుక్కోండి, నేను గొడవ పెట్టుకోను. వస్తే మాత్రం వాడికి క్యారెట్ వేసిన పాస్టీయే పెడతానని ముందే చెప్పు."

డెల్ఫీన్ కోటు వేసుకుంది. చెవులు కప్పేలా టోపీ లాక్కుంది. రొట్టె సగం పాత గుడ్డలో చుట్టి సైమి ఆవిడ చేతిలో పెట్టింది. తలుపు తీస్తే మంచు గదిలోకి ఎగిరొచ్చింది. వసారా మెట్టు దిగబోతుంటే వెనకనుంచి పిలిచింది.

"ఏమే ఫ్రెంచి పిల్లా! ముందు నీ జీపులో ఉన్న తూటాల పెట్టె తెచ్చి ఇక్కడ పెట్టు. ఆ తర్వాత మిగతా పదిళ్ళకీ వెళ్ళు."